మూడు కంప్యూటర్లు, ఒక ఫోను, ముప్పై ఎనిమిది మంది పిల్లలు: తరగతి బ్లాగు నడిపే పద్ధతి

మా బడి బ్లాగు మొదటిసారి మూడు నెలలు కూడా బతకలేదు. తప్పు నాదే. జూన్‌లో బడి తెరిచిన వారానికే బ్లాగు తెరిచి, పైన మంచి బొమ్మ పెట్టి, పిల్లల చేత వ్యాసాలు రాయించి ఎక్కించాను. 'నీటి పొదుపు', 'చెట్ల ఉపయోగాలు', 'స్వాతంత్ర్య దినోత్సవ వేడుకలు'. మాది భూదాన్ పోచంపల్లికి దగ్గర్లోని ఒక ఊరి జిల్లా పరిషత్ హైస్కూలు. అందుకని ఇక్కడ మొదలైన భూదాన ఉద్యమం మీద రాయమంటే పదకొండు మంది రాసుకొచ్చారు. పదకొండింటిలోనూ 1951 ఏప్రిల్ 18, వినోబా భావే, వెదిరె రామచంద్రారెడ్డి, నూరెకరాలు. అదే వరస, అవే వాక్యాలు. అందరూ ఒకే చోటి నుంచి ఎత్తిరాశారు. ఆ బ్లాగు చదివింది ఇద్దరం: నేను, మా ఆయన. ఆయన కూడా రెండోసారి తెరవలేదు.

మరుసటి ఏడాది మళ్లీ మొదలుపెట్టాం. ఇప్పటికి నాలుగేళ్లు, ఆగలేదు. నేను ఎనిమిది, తొమ్మిది తరగతులకు తెలుగు చెప్తాను. మా ల్యాబులో పనిచేసే కంప్యూటర్లు మూడు. నెట్ కరెంటును బట్టి. సగం మంది పిల్లల ఇళ్లలో ఒకటే స్మార్ట్ ఫోను, అది సాయంత్రం నాన్న వచ్చాకే ఇంటికొస్తుంది. ఈ లెక్కలోనే ఏం చేయొచ్చో రాస్తున్నాను. పిల్లకొక ట్యాబు ఉన్న బడులకు వేరే ఎవరైనా చెప్తారు.

చదివేవాళ్లను ముందు వెతుక్కోండి

బ్లాగు తెరవక ముందే తేల్చుకోవాల్సింది, దాన్ని ఎవరు చదువుతారు అన్నది. పరీక్ష పేపరును చదివేది ఒక్కరే, ఎర్రపెన్ను పట్టుకున్న టీచరు. ఆ టీచరుకు తెలిసిన సంగతినే పిల్లలు తిరిగి ఆమెకు రాసి చూపిస్తారు. తెలియని మనిషికి చెప్పేటప్పుడే పిల్లలు కుదురుగా కూర్చుని, ఏది ముందు చెప్పాలి, ఏది తర్వాత చెప్పాలి అని ఆలోచిస్తారు.

ఉమ్మడి రాష్ట్రంలో నాతో హైదరాబాద్‌లో బీఈడీ చదివిన స్నేహితురాలు ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్కనున్న బడిలో పనిచేస్తోంది. ఫోన్‌లో మాట్లాడుకుని ఒక ఒప్పందానికి వచ్చాం. మా పిల్లల టపాలు వాళ్ల పిల్లలు చదవాలి, వాళ్లవి మావాళ్లు చదవాలి. రెండు వైపులా ఎనిమిదో తరగతే. (టపా అంటే బ్లాగులో పెట్టే ఒక్కో రాత, పాత తెలుగు బ్లాగర్ల మాట. మా పిల్లలకు బాగా నచ్చింది. ఉత్తరాలు మోసే టపా వాళ్లు ఎన్నడూ చూడలేదు మరి.)

మొదటి టపా మా పిల్ల ఒకతె రాసిన పుంటికూర పచ్చడి. రెండో రోజు అవతలి నుంచి వ్యాఖ్య: "పుంటికూర అంటే ఏంటండీ? మా ఊళ్లో దొరకదు." తరగతి మొత్తం గొల్లున నవ్వింది. "పుంటికూర తెల్వదా టీచర్ వాళ్లకు!" సరే, తెలిసేలా చెప్పండి అన్నాను. ఆకు ఎట్లుంటది, కాడ ఏ రంగు, పుల్లగుంటదా, ఏ కాలంలో వస్తది. బోర్డు మీద నాలుగు వాక్యాలు తయారయ్యాయి. అవి వెళ్లిన సాయంత్రమే జవాబు వచ్చింది: "అది గోంగూర కదా!" రెండు రోజులు మా తరగతిలో వేరే మాట లేదు. ఎల్లిగడ్డ-వెల్లుల్లి, ఆలుగడ్డ-బంగాళాదుంప, అంగి-చొక్కా అంటూ వాళ్లే జాబితా కట్టుకున్నారు. మాండలికాల పాఠం నేను విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది.

మీకు అలాంటి స్నేహితురాలు లేకపోతే ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపుల్లో అడగండి. మీ ఊరికి దూరంగా, మీ ఊరి పనికి సంబంధం లేని పని చేసే ఊరైతే మంచిది. మొదట్లోనే రెండు విషయాలు ఖాయం చేసుకోండి: వారానికో టపాయా, పదిహేను రోజులకోటా, పరీక్షలప్పుడు, సెలవులప్పుడు ఎన్నాళ్లు ఆపాలి. వాళ్ల సెలవులు, మన సెలవులు ఒకేసారి రావు. మాకు బతుకమ్మ సెలవులు ఇచ్చిన విషయం చెప్పడం మర్చిపోయి మొదటి ఏడాది వాళ్ల పిల్లల్ని రెండు వారాలు ఎదురుచూసేలా చేశాను. వాళ్ల టీచరు మొహమాటానికి ఏమీ అనలేదు, పిల్లలు మాత్రం "మీరు అలిగారా" అని రాశారు.

రెండో రకం పాఠకులు మనవాళ్లే, కానీ ఊళ్లో లేనివాళ్లు. మా దగ్గర ప్రతి వాడకట్టులోనూ భివండీకో, సూరత్‌కో, షోలాపూర్‌కో మరమగ్గాల పనికి పోయి అక్కడే ఉండిపోయిన ఇళ్లు ఉన్నాయి. ఒక పిల్లవాడు వాళ్లింట్లో వాడకుండా మూలన పడి ఉన్న గుంట మగ్గం గురించి రాశాడు. వారం తర్వాత వాళ్ల అమ్మ ఫోనుకు భివండీ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది, పెదనాన్న గొంతు: "ఆ మగ్గం మీదనే నేను పని నేర్చుకున్న బిడ్డా. దాని ఎడమ పక్క కట్టె మా బాపు చెక్కిండు, చూడు, కొద్దిగ వంకరుంటది." ఆ మాటల్ని పిల్లలే విని, టైపు చేసి, టపా కింద వ్యాఖ్యగా పెట్టారు. తర్వాత పోయి చూసి వచ్చారు. వంకర ఉంది.

ఇంటర్నెట్‌లో దొరికే విషయం ఇవ్వకండి

నాకు ఒకటే సూత్రం ఉంది. విషయం ఇచ్చే ముందు నేనే ఫోన్‌లో వెతుకుతాను. జవాబు తేలిగ్గా దొరికితే ఆ విషయం రద్దు. 'చేనేత ప్రాముఖ్యత' దొరుకుతుంది. 'మీ అమ్మ ఆసు పోసేటప్పుడు పది నిమిషాల్లో చెయ్యి ఎన్నిసార్లు తిప్పుతుంది' దొరకదు. (ఆసు పోయడం అంటే నేతకు ముందు నూలుపోగును మేకుల చుట్టూ చేత్తో తిప్పడం.) ఇది నిజంగా ఇచ్చాను. ఒకమ్మాయి నోటుబుక్కులో పేజీ నిండా నిలువు గీతలు, ప్రతి అయిదింటికీ ఒక అడ్డగీత పెట్టి తెచ్చింది. దాంతో పాటు రెండు వాక్యాలు: "అమ్మ మధ్యలో ఒక్కసారి భుజం పట్టుకుంది. నేను లెక్క తప్పిన." ఆ టపాకు నేను ఒక్క అక్షరం కలపలేదు. కింద లింకు మాత్రం ఇచ్చాను: ఆలేరు మండలంలో పుట్టిన చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ లక్ష్మి పడే ఈ కష్టం చూసే ఆసు యంత్రం చేశారని, 2017లో పద్మశ్రీ వచ్చిందని. ఆ సమాచారం పిల్లలకు ముందే తెలుసు. గీతలు లెక్కపెట్టాకే అది వాళ్ల ఇంటి విషయమైంది.

మాకు బాగా పనికొచ్చిన కొన్ని విషయాలు: చిటికి కట్టే, అంటే రంగు అంటకుండా పోగుల్ని బిగించే, రబ్బరు ఎక్కడి నుంచి వస్తుంది (పాత సైకిలు ట్యూబులు, ఒక పిల్లవాడు పంక్చర్ షాపు దాకా పోయి రాశాడు). కొత్త పడుగు పోగుల్ని పాత పోగులకు అతికేటప్పుడు పెద్దవాళ్లు ఏం మాట్లాడుకుంటారు. మన బడి గంట ఎవరు కొడతారు, ఆలస్యమైతే ఏమవుతుంది. పాల కేంద్రంలో పొద్దున అయిదున్నరకు ఎవరు ముందొస్తారు.

నేతపని లేని ఇళ్ల పిల్లలు వెనకబడిపోకుండా చూసుకోవాలి. మొదటి నాలుగు వారాలూ మగ్గాలే నడిచేసరికి కల్లు గీసే ఇంటి పిల్లవాడు ఒకడు "నాకు రాయడానికి ఏం లేదు టీచర్" అన్నాడు. చెట్టెక్కే సామాను, మోకు, ముస్తాదు గురించి రాయమన్నాను. ఆ ఏడాది శ్రీకాకుళం పిల్లలు అందరికన్నా ఎక్కువ ప్రశ్నలు అడిగింది వాణ్నే. "వాన పడితే చెట్టు ఎక్కుతారా? మా నాన్న వాన పడితే వేటకు వెళ్లడు."

ఇక్కడే భాష సంగతి చెప్పాలి. పెద్దవాళ్లు చెప్పిన మాటను పిల్లలు 'పుస్తకం తెలుగు'లోకి మార్చేస్తారు. నానమ్మ "ఆయన పొద్దుగాల్నే పోయిండు" అంటే వీళ్లు "అతను ఉదయాన్నే వెళ్లెను" అని రాసుకొస్తారు. మేం పెట్టుకున్న పద్ధతి ఇది: ఎవరి మాటైనా కొటేషన్ గుర్తుల మధ్య ఉంటే వాళ్లు అన్నది అన్నట్టే ఉండాలి, గుర్తుల బయట పిల్లలు తమ మామూలు రాత భాషలో రాయాలి, ఒత్తులు, దీర్ఘాలు సరిగ్గా. కొటేషన్ గుర్తులు ఎందుకున్నాయో మా పిల్లలకు అర్థమైంది ఇలాగే. ఒక సహోద్యోగి "బ్లాగులో యాస ఏంటమ్మా, ఎవరైనా చూస్తే" అన్నారు. చూడాలనే కదా సార్ పెట్టింది అన్నాను.

తెలుగు వికీపీడియాతో ఒక పీరియడ్ చేయించవచ్చు. 2003లో మొదలైన ఆ వికీపీడియాలో ఇప్పుడు మన పల్లెలకు చాలావరకు పేజీలున్నాయి, 2011 జనగణన వివరాలతో. మీ ఊరి పేజీ తెరిచి ప్రింటు తీసి, నిజమున్న వాక్యాల కింద పచ్చగీత, మారిపోయిన వాటి కింద ఎర్రగీత పెట్టమనండి. వెంటనే దిద్దేస్తామంటారు. ఆపాలి. వికీలో రాయాలంటే ప్రచురితమైన ఆధారం చూపించాలి, 'మా తాత చెప్పాడు' అక్కడ చెల్లదు. అది మన బ్లాగులో చెల్లుతుంది. ఏ మాట ఎక్కడ చెల్లుతుందో ఎనిమిదో తరగతిలోనే తెలిస్తే పెద్దయ్యాక వాట్సాప్ ఫార్వర్డులు నమ్మడం కొంతైనా తగ్గుతుందని నా ఆశ.

అనుమతులు, సెట్టింగులు

ఇది విసుగు పుట్టించే భాగమే, అయినా దాటేయకండి.

హెడ్మాస్టరు గారికి ఒక పేజీ ఉత్తరం ఇవ్వండి, కాపీ మీద సంతకం తీసుకోండి. తల్లిదండ్రులకు ఒక్కో చీటీ: బ్లాగు దేనికి, ఏం పెడతాం, ఏం పెట్టం, ఇష్టం లేకపోతే చెప్పొచ్చు. 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అంగీకారం కావాలి. చట్టం సంగతి అటుంచినా, తన బిడ్డ రాసింది ఎక్కడ కనబడుతుందో తల్లికి ముందే తెలియడం మర్యాద. ఇద్దరు వద్దన్నారు. వాళ్ల పిల్లలు కాగితం మీద రాస్తారు, తరగతి గోడ మీద పెడతాం. మార్కుల్లో తేడా లేదు.

పిల్లల అసలు పేర్లు పెట్టం. ప్రతి ఒక్కరికీ కలం పేరు ఉంటుంది. ఆ పేర్లు పెట్టుకోవడానికే ఒక పీరియడ్ పోయింది, పోతే పోనీ. 'నాడె', 'కండె', 'ఎర్రపోగు', 'గంటకొట్టేవాడు', 'సగం నిద్ర' అని పెట్టుకున్నారు (నాడె, కండె మగ్గం సామాను పేర్లు). ముఖాలు కనబడే ఫొటోలు పెట్టం. చేతులు, మగ్గం, గిన్నె, చెట్టు చాలు. ఫోన్ కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ గుర్తు ఆపేయండి, లేకపోతే ఫొటోతో పాటు ఇల్లు ఎక్కడుందో కూడా వెళ్లిపోవచ్చు.

ఏ వేదిక వాడాలంటే నేను బ్లాగర్ అంటాను. 1999లో పుట్టి 2003లో గూగుల్ చేతికి వచ్చింది, పాతబడ్డ మాట నిజమే. కానీ ఉచితం, నెమ్మది నెట్‌లో కూడా తెరుచుకుంటుంది, సెట్టింగుల పేజీని తెలుగులో పెట్టుకోవచ్చు. మీ సొంత జీమెయిల్‌తో తెరవకండి. బడి పేరుతో ఒక ఖాతా తీసుకుని దాంతో తెరవండి. తర్వాత సెట్టింగుల్లో ఇవి చూసుకోండి: మొదటి నెలంతా చదివేవాళ్ల అనుమతిని ప్రైవేటులో ఉంచి, పిలిచినవాళ్లకే కనబడేలా పెట్టండి, సెర్చ్ ఇంజన్లకు కనబడాలా అన్నచోట వద్దు అనండి, వ్యాఖ్యలు ఎవరైనా రాయొచ్చు అని పెట్టండి కానీ పరిశీలన 'ఎల్లప్పుడూ' అని ఉంచండి. అంటే మీరు చూసి ఒప్పుకున్నాకే వ్యాఖ్య బయటికి వస్తుంది. గూగుల్ ఖాతా లేని అమ్మమ్మలు, బాబాయిలు రాయగలగాలంటే ఈ ఏర్పాటే మేలు.

పిల్లలకు విడివిడి ఖాతాలు తెరిపించను. పాస్‌వర్డులు మర్చిపోవడంతోనే ఏడాది గడిచిపోతుంది.

టైపింగు: ల, ళ దగ్గర మొదలు

ముందు కాగితం మీద చిత్తుప్రతి. ఇందులో నాకు రాజీ లేదు. కంప్యూటర్ ముందు కూర్చున్నాక ఆలోచిద్దామంటే ఒక్కో కంప్యూటర్ దగ్గర పన్నెండు మంది నిలబడి కొట్టుకుంటారు.

టైపు చేయడానికి మూడు దారులున్నాయి. ఫోన్‌లో జీబోర్డు తెలుగు కీబోర్డు, కంప్యూటర్‌లో లేఖిని అనే వెబ్‌సైటు, మాట్లాడితే రాసుకునే వాయిస్ టైపింగు. మాలో ఎక్కువమందికి లేఖిని అలవాటు చేశాను, దానికి ఒక స్వార్థం ఉంది. లేఖినిలో ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు వస్తుంది కదా. చిన్న ఎల్ కొడితే ల, పెద్ద ఎల్ కొడితే ళ. చిన్న ఎన్‌కు న, పెద్ద ఎన్‌కు ణ. పెద్ద ఎం కొడితే సున్నా. అంటే 'కళ' అని కొట్టే ముందు పిల్ల ఒక్క క్షణం ఆగి, ఏ ల? అని తనను తాను అడగాలి. చేతిరాతలో దాటేసే తప్పును కీబోర్డు దాటనివ్వదు. 'గోల' కొట్టబోయి 'గోళ' కొట్టిన వాడిని తరగతి వారం రోజులు వదల్లేదు. ఫోన్ కీబోర్డు అయితే సరైన పదాన్ని తానే చూపిస్తుంది, పిల్ల వేలు పెడుతుంది, నేర్చుకునేదేమీ ఉండదు.

వాయిస్ టైపింగు పెద్దల మాటలకు సరిగ్గా పనిచేయలేదు. మా నానమ్మల యాస దానికి అందదు. అయితే అది తప్పుగా రాసినదాన్ని పిల్లలు రికార్డింగు మళ్లీ మళ్లీ వింటూ దిద్దడం మంచి వ్యాయామమని తేలింది. ఒక పీరియడ్‌లో పది వాక్యాలు దిద్దారు. అంత శ్రద్ధగా డిక్టేషన్ ఎప్పుడూ వినలేదు.

ఒక హెచ్చరిక. డీటీపీ షాపులో కొట్టించిన పాత ఫైళ్లు 'అను' అనే రకం ఫాంట్లలో ఉంటాయి, ఏ కంప్యూటర్‌లోనైనా కనబడే యూనికోడ్‌లో ఉండవు. బ్లాగులో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. మళ్లీ కొట్టుకోవడమే సుఖం.

పని పంచుకోవడం ఇలా: ముప్పై ఎనిమిది మందిలో ఆరుగురి చొప్పున ఆరు జట్లు. వారానికి ఒక జట్టు టపా. జట్టులో ఇద్దరు అడిగొచ్చేవాళ్లు, ఇద్దరు రాసేవాళ్లు, ఒకరు కొట్టేవాళ్లు, ఒకరు తప్పులు చూసేవాళ్లు. తర్వాతి సారి పనులు మారాలి, లేకపోతే వేగంగా కొట్టే పిల్లవాడే ఏడాదంతా కొడతాడు. మిగిలిన ఇద్దరు మా పోస్ట్‌మ్యాన్లు. వచ్చిన వ్యాఖ్యల్ని నేను చూశాక ప్రింటో, చేత్తో రాసో గురువారం పీరియడ్ మొదట్లో చదివి వినిపిస్తారు. ఈ ఉద్యోగానికి పోటీ ఎక్కువ. నెలకోసారి చీటీలు తీస్తాం.

వ్యాఖ్య రాయడం నేర్పాలి

మొదట్లో మావాళ్ల వ్యాఖ్యలన్నీ 'సూపర్', 'చాలా బాగుంది', మూడు దండాల బొమ్మలు. అవతలి పిల్లలు వాటికి ఏం జవాబు రాస్తారు పాపం! అందుకని నెట్ అవసరం లేకుండా ఒక పీరియడ్ పెట్టాను. ఒక టపా ప్రింటు తీసి గోడకు అంటించి, అందరికీ చీటీలు ఇచ్చాను. 'బాగుంది', 'సూపర్' అన్న మాటలు నిషేధం. చీటీ మీద రెండే ఉండాలి: ఇది చదివాక నాకు కొత్తగా తెలిసిందేమిటి, ఇంకా తెలుసుకోవాలనిపించిందేమిటి. నలభై నిమిషాలకు గోడ నిండిపోయింది. వల అల్లడం మీద శ్రీకాకుళం పిల్లలు రాసిన టపాకు మా పిల్ల చీటీ: "మీరు కూడా మాలాగే దారంతోనే బతుకుతారని తెలిసింది. వల తెగితే ముడి ఎట్ల వేస్తరు? మా దగ్గర పోగు తెగితే మెలి పెడతం."

ఆ చీటీల్లోంచి ఆరు ఎంచి పోస్ట్‌మ్యాన్లు టైపు చేశారు. అన్నీ ఎక్కించనక్కర్లేదు. ఇంట్లో ఫోన్ లేని పిల్లలు కూడా ఇలా వ్యాఖ్యల్లో సమానంగా ఉంటారు.

గొడవలూ వస్తాయి. మా వాడొకడు "మీ చేపల వాసన ఇక్కడిదాకా వస్తోంది" అని రాశాడు. సరదాకే. నేను ఆ వ్యాఖ్యను ఆపి, వాణ్ని తిట్టకుండా, "రంగు నీళ్ల వాసన గురించి వాళ్లు నీకు ఇదే రాస్తే?" అన్నాను. రంగులద్దే ఇంటి పిల్లవాడు వాడు. చీటీ వెనక్కి తీసుకుని, చేపలు ఎండబెట్టడానికి ఎన్ని రోజులు పడుతుందని అడిగాడు. పరిశీలన 'ఎల్లప్పుడూ' అని పెట్టుకోమన్నది ఇందుకే.

బ్లాగు కాకుండా ఇంకో రెండు

ఆన్‌లైన్ పరికరాలు లెక్కలేనన్ని. ట్రైనింగుల్లో ఒక్కో రోజు పదేసి చూపిస్తారు, ఇంటికొచ్చేసరికి పాస్‌వర్డు కూడా గుర్తుండదు. నాకు నిలబడినవి రెండే.

ఒకటి ప్లికర్స్ అనే యాప్. పిల్లల చేతుల్లో ఏ పరికరమూ అక్కర్లేదు, టీచర్ ఫోన్ ఒక్కటి చాలు. ఒక్కో పిల్లకు ఒక నలుపు-తెలుపు గుర్తున్న కార్డు. ఏ, బీ, సీ, డీల్లో జవాబు ఏదనుకుంటే ఆ వైపు పైకి వచ్చేలా పట్టుకుంటారు. ఫోన్ కెమెరాతో తరగతిని ఒక్కసారి అటునుంచి ఇటు చూపితే ఎవరు ఏం పట్టుకున్నారో వచ్చేస్తుంది. మామూలు సెట్‌లో నలభై కార్డులు, మాకు సరిపోయాయి. నేను దీన్ని సంధులకు వాడతాను. 'మనమంతా' అని బోర్డు మీద రాసి సవర్ణదీర్ఘం, గుణం, ఇత్వం, ఉత్వం అని నాలుగు జవాబులిస్తాను. నోటితో అడిగితే ముందు బెంచీ వాళ్ల జవాబే అందరి జవాబు. కార్డుతో అయితే పక్కవాడిది చూసినా ఏమీ తెలియదు, ఒక్కొక్కరి కార్డు గుర్తు ఒక్కోలా ఉంటుంది. మొదటిసారి సగానికి పైగా పిల్లలు ఉత్వానికి ఇత్వం పట్టుకున్నారు. ముందు రోజు అడిగితే అందరూ 'అర్థమైంది టీచర్' అన్నవాళ్లే. కార్డుల్ని మెరిసే లామినేషన్ చేయించకండి, వెలుతురు పడి కెమెరా చదవదు. నేను డబ్బులు పోసి చేయించాక తెలిసింది. మందమైన కాగితం చాలు. నల్ల గుర్తు మీద వేళ్లు పెట్టొద్దని రోజూ చెప్పాలి, తప్పదు.

రెండోది గూగుల్ ఫారం. పరీక్షలకు కాదు, పదాలకు. ఫారంలో మూడే గళ్లు: పదం, అర్థం, ఎవరు చెప్పారు. పిల్లలు ఇంట్లో అడిగి తెచ్చిన పదాల్ని ల్యాబులో నింపుతారు, అన్నీ ఒక పట్టికలో చేరతాయి. పడుగు, పేక, నాడె, కండె, అచ్చు, ఆసు, చిటికి అని మొదలై రెండేళ్లలో మంచి చిన్న నిఘంటువు అయింది. నెలకోసారి ఆ పదాల్ని కాగితం మీద అకారాదిగా పేర్చమంటాను. అర్థాల దగ్గర తగువులు పడతారు. అప్పుడు ఆంధ్రభారతి ఆన్‌లైన్ నిఘంటువులో వెతికి చూస్తాం. కొన్ని దొరుకుతాయి, కొన్ని మా ఊళ్లో వేరే అర్థంలో ఉంటాయి. దొరకనివి ఉన్నప్పుడు పిల్లల ముఖాలు చూడాలి. పెద్ద పుస్తకాలకు తెలియనిది వాళ్ల నానమ్మకు తెలుసు!

సిలబస్ ఎప్పుడు అవుతుందమ్మా

అడుగుతారు. హెడ్మాస్టరు అడుగుతారు, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు అడుగుతారు. అందుకే మొదటి నుంచీ బ్లాగును ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కులకు ముడిపెట్టండి. పాఠం చివరనుండే ప్రాజెక్టు పని ఎలాగూ చేయించాలి. నేను పిల్లల చిత్తుప్రతి, దిద్దిన ప్రతి, టపా ప్రింటు మూడూ కలిపి ప్రాజెక్టుగా తీసుకుంటాను. మార్కులు టపా అందానికి కాదు, చిత్తుప్రతికీ చివరి ప్రతికీ మధ్య జరిగిన పనికి. వారానికి ఒకే పీరియడ్. అది దాటితే నిజంగానే సిలబస్ ఆగుతుంది, నేను కూడా దాని పక్షమే.

ఈ మధ్య ఇంకో టెన్షన్ మొదలైంది. ఫోన్‌లో ఏఐని అడిగి రాసుకొస్తున్నారు. ఒక టపా 'చేనేత కార్మికుల జీవితం అనంతమైన శ్రమకు, సృజనకు ప్రతీక' అని మొదలైంది. రాసినవాడు మామూలుగా 'సృ' కూడా సరిగ్గా రాయడు. పట్టుకోవడానికి ఏ సాఫ్ట్‌వేరూ వాడలేదు. "మీ ఇంట్లో నాడె ఎక్కడ పెడతరు?" అన్నాను. "గూట్ల." "గూట్ల ఇంకేముంటది?" "తాత చుట్టలు, దేవుని పటం, నా పాత గోలీలు." అదే రాయమన్నాను. రాశాడు. ఆ గూడు టపాకు భివండీ నుంచి ముగ్గురు జవాబిచ్చారు.

బదిలీకి ముందు

ఉపాధ్యాయులం ఎప్పుడు ఎక్కడికి పోతామో తెలియదు. బ్లాగులో ఇంకో టీచర్‌ను కూడా అడ్మిన్‌గా చేర్చి ఉంచండి. బడి ఖాతా పాస్‌వర్డును కాగితం మీద రాసి కవరులో పెట్టి హెడ్మాస్టరు బీరువాలో దాచండి. రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతాలను గూగుల్ తీసేయొచ్చు, కాబట్టి వేసవి సెలవుల్లో కూడా ఒకసారి లాగిన్ అవ్వండి. ఏప్రిల్‌లో చివరి పని రోజున సెట్టింగుల్లోంచి బ్లాగు బ్యాకప్ దించుకుని పెన్‌డ్రైవ్‌లో వేయండి. ఆ ఏడాది టపాలన్నీ ప్రింటు తీసి కుట్టించి లైబ్రరీలో ఒక కాపీ పెట్టండి. మా దగ్గర ఆ కుట్టుపని పిల్లలే చేస్తారు. దారం ఇంటి నుంచి తెస్తారు, ఏ రంగన్నది మాత్రం ఏటా ఒక గంట తగువు.